ఇప్పలగుంపు గడి ఖాళీ

మా ఇంట్లో ఉద్యోగం కోటేష్‌ది, పని నాది. ఇది ఫిర్యాదు కాదు, ఏర్పాటు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి పెళ్లి చేసుకున్న ఆడమనిషికి భద్రాచలంలో ట్యూషన్లు చెప్పుకోవడమో, మొగుడి పని చేసిపెట్టడమో తప్ప వేరే దారి లేదు. ట్యూషన్లకైతే పిల్లల్ని పిలుచుకురావాలి. మొగుడు తనంతట తనే సాయంత్రానికి వస్తాడు.

అడవి ఊళ్లలో జ్వరాల సర్వే చేసే ఒక ప్రాజెక్టులో కోటేష్‌కు కొలువు. వారం వారం గుంపుల్లో, అంటే కోయల చిన్న చిన్న ఊళ్లలో, తిరిగే మనుషులు ఎన్ని ఇళ్లలో జ్వరం ఉంది, ఎన్ని ఇళ్లలో దోమతెరలు ఉన్నాయి, వాన ఎలా పడుతోంది అని కాగితాల మీద రాసుకొస్తారు. ఆ అంకెల్ని మా ముందుగదిలో కంప్యూటర్‌కి నేను ఎక్కిస్తాను. ఒక్కో గుంపుకు ఒక్కో రిగ్రెషన్. అంటే వానకూ దోమతెరకూ జ్వరానికీ అక్కడున్న సంబంధం చూసి, వచ్చే వారం ఆ గుంపులో జ్వరం ఎంత ఉండబోతుందో అంచనా కట్టడం. గుంపులు చాలా కాబట్టి ఒకే ప్రోగ్రాం వాటన్నిటినీ చుట్టబెట్టి వచ్చి చివర్లో ఒక లిస్టు ఇస్తుంది. జ్వరం ఎక్కువ వచ్చేలా ఉన్న గుంపు పైన, తక్కువది కింద. అన్నిటికంటే పైనున్న గుంపుకు సోమవారం పొద్దున డాక్టరు జీపెక్కి మందులతో పోతాడు. ఉన్నది ఒక్క జీపు. వానలు ఇంకాస్త ముదిరితే వాగులు దాన్నీ దాటనివ్వవు.

ఆ ఆదివారం జంపయ్య వచ్చేసరికి నేను అప్పటిదాకా వచ్చిన అంకెలతో లిస్టు ప్రింటు తీస్తున్నాను. పినపాక వైపు గుంపుల కాగితాలు తెచ్చేది ఆయనే. కోయ మనిషి, నెమ్మదస్తుడు. చెప్పులు గుమ్మం బయట వదిలి, కాగితాల ప్లాస్టిక్ కవరు పొడిగా ఉందో లేదో చూసుకుని గాని లోపలికి రాడు. తను మాత్రం నిలువునా తడిసి ఉన్నాడు.

"కూసో జంపన్నా. పొయ్యి మీద చాయ్ పెట్టిన."

"చాయ్ తర్వాత తాగుదం గని, గా లిస్టుల మా బిడ్డ ఊరున్నదా చూడమ్మా."

బిడ్డ పేరు భవాని. నిరుటి ఎండాకాలం ఇప్పలగుంపుకు ఇచ్చాడు. ఇప్పుడు ఏడో నెల.

"జీపు రావాల్నంటే జ్వరం ఎక్కువుండాలె. జ్వరం వద్దంటే జీపు రాదు. నీకేది కావాల్నో నిమ్మలంగ ఆలోచించుకో" అన్నాను. మామూలుగా ఇలాంటి వాటికి నవ్వుతాడు. నవ్వలేదు.

లిస్టు చూశాను. పైన రేగడిగుంపు. దాని కింద మిగతావి. చివరి దాకా పోయాను. మళ్లీ కింది నుంచి పైకి వచ్చాను, బియ్యంలో రాయి వెతికినట్టు.

"పైన లేదు జంపన్నా."

"కింద ఉన్నదా?"

"కింద కూడ లేదు."

కింద ఉంటే సంతోషించొచ్చు. పైన ఉంటే భయపడొచ్చు. అసలు లేకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ప్రోగ్రాం తెరిచాను.

రిగ్రెషన్‌కు ఒక అలవాటుంది. ఏ వరుసలోనైనా గడి ఖాళీగా ఉంటే ఆ వరుసను నోరెత్తకుండా పక్కన పడేస్తుంది. మా రిగ్రెషన్ చూసేది ఈమధ్య వారాలనే; ఇప్పలగుంపులో అవన్నీ ఖాళీ. అన్నీ పడేశాక లెక్క కట్టడానికి ఏమీ మిగల్లేదు. అలాంటప్పుడు ప్రోగ్రాం ఆగిపోయి ఎర్రక్షరాలతో మొత్తుకోవాలి. నిరుడు ఖమ్మం నుంచి ప్రాజెక్టు పెద్ద సారు వచ్చినప్పుడు సరిగ్గా అలాగే మొత్తుకుంది. కోటేష్‌కు తల కొట్టేసినట్టయి, హైదరాబాద్‌లో ఉన్న దోస్తును అడిగి ఒక వాక్యం రాయించుకొచ్చాడు: తప్పు వస్తే వదిలేసి తర్వాతి గుంపుకు పో. అప్పటి నుంచి మా ప్రోగ్రాం ఎక్కడా ఆగలేదు. లిస్టు ఎప్పుడూ శుభ్రంగా, ఒక్క మరక లేకుండా వస్తోంది.

"గడులు ఖాళీగ ఎందుకిడిసినవ్ జంపన్నా?"

"తాడు కట్టిండ్రు గదమ్మా."

ఊరి దారికి అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు. అది కట్టాక బయటివాళ్లు లోపలికి పోరు, లోపలివాళ్లు బయటికి రారు. మళ్లీ పెద్దలు విప్పాలి. చిన్నప్పుడు మా తండాలోనూ ఇలాంటి కట్టు చూశాను. దాన్ని దాటడం మర్యాద కాదని నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

"కండ్లతోని చూడంది రాయొద్దన్నడు కోటేష్ సారు" అన్నాడు జంపయ్య. "లోపటికి పోలే. సున్న రాస్తే అబద్ధమైతది. గందుకే ఇడిసిపెట్టిన."

"తాడు ఎప్పుడు కడ్తరు?"

"జరం జోరైతే కడ్తరు. ఊకెనే ఎవరు కడ్తరమ్మా?"

ఇద్దరం ఆ మాట విన్నాం. ఆయన తెలిసిన సంగతి చెప్పినట్టే చెప్పాడు. నేను మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాను. జ్వరం ముదిరిన ఊరే తాడు కడుతుంది. తాడు కట్టిన ఊరే ఖాళీ వస్తుంది. ఖాళీ వచ్చిన ఊరినే మా ప్రోగ్రాం వదిలేస్తుంది. ఎంత జ్వరం ఉంటే అంత శుభ్రమైన లిస్టు.

"తాడు కాడ ఎవరన్న ఉంటరా?"

"ముత్తక్క కూసుంటది. మా బిడ్డకు అత్త. పోయిన వారం గామెనే చెప్పింది, పిల్ల మంచిగనే ఉన్నది, నువ్వు మర్లిపో అని."

"ఈ వారం ఏమన్నది?"

జంపయ్య కండువా కొస పట్టుకుని గుమ్మం బయటికి పిండాడు. "ఈ వారం తాడు కాడ ఎవరు లేరమ్మా."

"మరి నిన్ను మర్లిపొమ్మని ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పలే. తాడున్నది గద."

చాయ్ పొంగిపోయింది. నేను లేవలేదు.

కోటేష్ మటన్ సంచీతో వచ్చాడు. విషయం చెప్పాను. సంచీ నా చేతికి ఇవ్వబోయి, నా మొహం చూసి, తనే వంటింట్లో పెట్టి వచ్చాడు.

"లేని డేటాకు మనమేం చేస్తం సరళా? ఖాళీల సగటు పెట్టు. అన్ని గుంపులది కలిపి."

"సగటు పెడ్తే ఇప్పలగుంపు లిస్టుకు నడిమిట్ల కూసుంటది. నడిమిట్ల ఉన్నోళ్ల కాడికి జీపు ఎన్నడన్న పోయిందా?"

"మరేం పెడ్తవ్?"

"ముందుగల ఖాళీనే లెక్కగడ్త."

నిరుటి వానాకాలం అంకెలు కూడా తీశాను. ఇప్పటిదాకా రిగ్రెషన్‌లో జ్వరాన్ని అంచనా కట్టాం. ఈసారి జ్వరాన్ని కారణాల వైపుకు తెచ్చి, గడి ఖాళీ అవుతుందా లేదా అన్నది అంచనా కట్టమన్నాను. హైదరాబాద్ దోస్తు వాక్యం తీసేశాను. జవాబు వెంటనే వచ్చింది. ఏ గుంపులో ఖాళీలు మొదలైనా, దానికి ముందు వారాల్లో జ్వరం పైకి ఎక్కి ఉంది. అన్ని చోట్లా ఒకే తీరు. ఇంతకాలం ఏమీ లేదనుకుని దాటిపోయిన గడుల్లోనే అంతా ఉంది.

తర్వాత ఆ ఖాళీలను నింపాను. ఒక్క అంకెతో కాదు. ఖాళీ కాకముందు ఆ ఊరి జ్వరం ఎటు పోతోందో, అదే వాగు పక్కనున్న ఊళ్ల సంగతేంటో, తాడు కట్టిన ఊళ్లు తాడు విప్పాక ఎలా తేలాయో చూసి, ప్రతిసారీ కొంచెం వేరేగా నింపి, ప్రతిసారీ మొత్తం రిగ్రెషన్లు మళ్లీ నడిపించాను. ఒక్కసారి నింపితే అది నా ఊహ. మళ్లీ మళ్లీ నింపితే ఆ ఊహ ఎంత ఊగుతోందో కనబడుతుంది. చాలాసార్లు ఇప్పలగుంపు పైకి వచ్చింది. కొన్నిసార్లు రేగడిగుంపే వచ్చింది.

జంపయ్య అరుగు మీద కూర్చుని లోపలికే చూస్తున్నాడు. ఇప్పలగుంపు పైకి వచ్చినప్పుడు నేను ఆయనకు చెప్పలేదు, దిగినప్పుడూ చెప్పలేదు.

కోటేష్ నా కుర్చీ వెనక నిలబడి, మాట ఆయనకు వినబడకుండా తగ్గించాడు. "రేగడిగుంపుల జ్వరం కండ్లతోని చూసి రాసింది. ఇప్పలగుంపుది నువ్వు నింపింది. జీపు ఒక్కటే. రేపు రేగడిగుంపోళ్లు అడిగితే ఏం చెప్తవ్?"

"వాళ్లు అడుగుతరు. అడిగే ఓపికన్న ఉన్నది. ఇప్పలగుంపుల తాడు కాడ కూసునేటందుకే మనిషి లేడు."

"గది లెక్క కాదు సరళా."

"కాదు."

తర్వాత ఇప్పలగుంపును పైన పెట్టి లిస్టు ప్రింటు తీశాను. కోటేష్ ఖమ్మం ఫోన్ చేశాడు. పోయిన వారం దాకా ఈ ఊరే లిస్టులో లేదు కదయ్యా అని పెద్ద సారు అడిగినట్టున్నారు. "డేటా అప్‌డేట్ అయింది సార్" అన్నాడు మా ఆయన. ఇన్నేళ్ల సంసారంలో ఆయన అంత నున్నగా అబద్ధం ఆడటం అదే మొదలు. పైగా అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. నేను మెచ్చుకోలుగా చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

సోమవారం జీపులో డాక్టరు, కోటేష్, జంపయ్య వెళ్లారు. వాన ఆగకుండా కొట్టింది. గోదావరి పెరుగుతోందని రిక్షాకు మైకు కట్టి వీధుల్లో చెప్పుకుంటూ తిరిగారు. మధ్యాహ్నం దాటాక పినపాక నుంచి కాయిన్ బాక్స్ ఫోన్ వచ్చింది.

"భవాని ఉన్నది" అన్నాడు కోటేష్, నేను అడగకముందే. "మంచి జ్వరంల ఉన్నది. జీపుల పండబెట్టినం, దవాఖానాకు తెస్తున్నం."

"తాడు ఎవరు తీసిన్రు?"

"జంపయ్యనే. చానసేపు నిలబడ్డడు. పేర్లు పెట్టి పిలిచిండు. ఎవరు పలకలే. డ్రైవర్ హారన్ కొట్టిండు. కుక్క కూడ మొరగలే సరళా. అప్పుడు విప్పిండు. తెంపలే, ముడి విప్పిండు. విప్పి మడిచి పక్కకు పెట్టిండు."

"ముత్తక్క?"

లైనులో వాన చప్పుడు వినబడింది. "పోయింది. ఎప్పుడు పోయిందో చెప్పేటందుకు లేచి కూసున్నోళ్లు లేరు." ఇంకో రూపాయి బిళ్ల పడ్డ చప్పుడు. "డాక్టర్ గాడనే ఉండిపోయిండు. జీపు ఇంక రెండు మూడు తాపలు తిరిగి మందిని దవాఖానాకు మొయ్యాలె. రేగడిగుంపు సంగతి రేపు చూద్దమంటుండు."

ఆ రేపు రాలేదు. రేగడిగుంపు ముందరి వాగు ఆ సాయంత్రమే పొర్లింది.

మళ్లీ ఆదివారం వచ్చేసరికి కాగితంలో నేను ఒక గడి కొత్తగా పెట్టించాను. ఖాళీ ఎందుకు వచ్చింది: తాడా, వాగా, ఇంట్లో మనుషులు లేరా. జంపయ్య దవాఖానా నుంచి నేరుగా వచ్చాడు. భవానికి జ్వరం తగ్గిందట, గంజి తాగిందట, బిడ్డ కడుపులో కదులుతోందట. దవాఖానాలో డాక్టరమ్మ చెప్పిందని రెండుసార్లు చెప్పాడు. చాయ్ ఇస్తే ఈసారి వద్దనలేదు.

కాగితాలు తీశాను. రేగడిగుంపు వరుస ఖాళీ. పక్కన నేను పెట్టించిన కొత్త గడీ ఖాళీయే.

"ఎందుకో రాయలేదు జంపన్నా."

"ఏం రాయాల్నమ్మా. వాగు దాటనియ్యలే గని, ఒక్క వాగేనని రాయబుద్ధి కాలే. ఇవతలి గడ్డ మీద నిలబడి చూసిన."

"తాడున్నదా?"

"వానకు కానరాలే."

"మరేం కనబడ్డది?"

గ్లాసు కింద పెట్టాడు. "పొద్దుగాల పొయ్యిలు ముట్టిచ్చే యాళ్ల. పొగ లేదు."

"ఏ ఇంటి మీద?"

"ఏ ఇంటి మీద లేదు."

"వాన గద. కట్టెలు తడిసుంటయ్."

"అవ్" అన్నాడు. "తడిసే ఉంటయ్."

చొక్కా జేబులోంచి పెన్ను తీసి, మూత కూడా తనే తీసి, నా ముందు పెట్టాడు. "నువ్వు జెప్పమ్మా. నేను ఏం చూసినట్టు రాయాల్నో నువ్వే జెప్పు."

లోపల ఫోన్ మోగుతోంది. లిస్టు కోసం ఖమ్మం నుంచే అయ్యుంటుంది. కోటేష్ లేచాడు గాని ఎత్తలేదు, గుమ్మంలో నిలబడి మా ఇద్దరి వైపూ చూస్తున్నాడు.