బిళ్ళ లేకుండా పెట్టిన సంతకం

"ఆరో నంబరు డ్రిల్లు ఇయ్యప్పా" అంటూ కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది.

జగదాంబ తల ఎత్తకుండానే "బిళ్ళేదీ?" అంది.

చెయ్యి వెనక్కి వెళ్ళి, జేబులు తడుముకుని, నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళతో తిరిగొచ్చింది. బిళ్ళ మేకుకు తగిలించాకే డ్రిల్లు కిటికీ దాటింది; డ్రిల్లు తిరిగొస్తేనే బిళ్ళ వెనక్కి పోతుంది. ఆ చెయ్యి ఫిట్టరు పైడిబాబుది. సీతారాండేరా తెలుగు బస్తీలో ఆమె వీధిలోనే ఉంటాడు, అక్క వరసలో అప్పా అని పిలుస్తాడు, పొద్దున ఆమెతో ఒకే ఆటోలో వంతెన దాటి ఈ కార్ఖానాకు వచ్చాడు. అయినా సరే, బిళ్ళ బిళ్ళే.

ఇరవై రెండేళ్ళుగా ఈ పనిముట్ల గదిలో జగదాంబ నడిపిన చట్టం అదొక్కటే. మనిషి ఐదడుగులకు ఒక వేలు తక్కువ. కింది అరల్లోకి వంగి వంగి కుడి భుజం కొంచెం జారింది. చీర మీద నీలం కోటు, దానికి రెండు గుండీలు నీలం, ఒకటి ఎరుపు. ఎంత సబ్బు రుద్దినా వేళ్ళ సందుల్లో గ్రీజు నలుపు పోదు. మేనేజరు అడిగినా బిళ్ళ లేనిదే స్క్రూడ్రైవరు కూడా ఇవ్వదని పేరు. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వమే.

ఈ పూట మాత్రం కాలు నిలవడం లేదు. లెక్కపెట్టిన రెంచీలనే మళ్ళీ లెక్కపెట్టింది. కూచుంది, లేచింది, తుడిచిన అరనే తుడిచింది. సెప్టెంబరు ముప్ఫై. నెల రోజుల ముందు నోటీసు ఇచ్చి మానేయవచ్చని ఉద్యోగంలో చేరినప్పటి కాగితంలో ఉంది. ఆ ప్రకారం ఆగస్టు ఆఖర్న రాజీనామా ఇచ్చింది. నోటీసు ఈ రోజుతో సరి. సాయంత్రం రైలెక్కితే రేపు పలాసలో ఒక ప్రైవేటు ఐటీఐలో ఫిట్టరు పాఠాలు చెప్పే ఉద్యోగం.

ఆమె చదివింది ఫిట్టరు పనే. ఆ ఏడాది ఐటీఐ క్లాసులో ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఇక్కడ చేరిన రోజు అప్పటి ఫోర్‌మన్ "ఆడమనిషివి కదా, కొన్నాళ్ళు స్టోరు చూసుకో" అన్నాడు. ఆ కొన్నాళ్ళు ఇంకా అవ్వలేదు. ఇనుము నున్నచేసే ఆకురాళ్ళు అరిగితే మార్చింది గాని, ఒక్కదానితో తను ముక్క అరగదీసింది లేదు. భర్త పోయినప్పుడు కూడా ఏడ్చి ఊరుకుంది గాని, ఈ విషయం తలచుకుంటే ఇప్పటికీ కోపం ఆగదు.

పదకొండింటికి పర్సనెల్ ఆఫీసు నుంచి సౌరభ్ వచ్చాడు. ఈ ఊళ్ళోనే అగ్రికో కాలనీలో పుట్టిన తెలుగు కుర్రాడే, తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి వచ్చేది హిందీ. చేతిలో ఆమె ఎదురుచూస్తున్న రిలీవింగ్ లెటరు లేదు, వేరే కాగితం ఉంది.

"దీదీ, నోటీస్ పీరియడ్ అబ్ నబ్బే దిన్ హై. తీన్ మహీనే."

"తొంబై రోజులేటి బాబూ? నాకు నెల్రోజులే కదేటి?"

"సైన్ ఆప్ కా హీ హై నా?"

సంతకం ఆమెదే. ఈ నెల పదిహేడున, విశ్వకర్మ పూజ నాడు పెట్టింది. ఆ ఒక్కరోజు యంత్రాలకు దండలు వేస్తారు, పనిముట్లు బొట్లు పెట్టుకుని కూచుంటాయి, ఎవరూ ఏదీ ముట్టరు, ఆమె ఎవరినీ బిళ్ళ అడగదు. లడ్డూ పొట్లం, స్టీలు డబ్బా ఇచ్చి "ఇక్కడొకటి, కింద కాగితం మీద ఒకటి" అన్నారు. కుంకం చేత్తో రెండూ పెట్టేసింది. వరసలో అందరూ పెట్టారు. మానేసేవాళ్ళు తొంభై రోజుల ముందు చెప్పాలనీ, కంపెనీ తీసేయాలంటే ముప్ఫై చాలనీ ఆ రెండో కాగితంలో ఉంది.

"రాజీనామా ముందే ఇచ్చీసేను కదా!"

సౌరభ్ నేల చూశాడు. "రూల్ సబ్‌పే లాగూ హై, దీదీ. నవంబర్ తక్ రుక్ జాయియే. నహీతో లెటర్ నహీ మిలేగా."

రూలు అందరికీనట, నవంబరు దాకా ఆగకపోతే లెటరు రాదట. అతను వెళ్ళాక జగదాంబకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. జన్మంతా ఊళ్ళోవాళ్ళ జేబులు వెతికించి, తన సంతకం మాత్రం లడ్డూకి ఇచ్చేసింది.

పలాస ప్రిన్సిపాలు సీతారామరావుకు ఫోన్ చేసింది. ఆయన మర్యాదస్తుడే. "లెటరుంటే ఉద్యోగం మీదేనమ్మా. అది లేకపోతే మీ అనుభవం నేనెక్కడ రాసుకోను? రేపే పరీక్ష పెడతాను, ఇంకో ఇద్దరున్నారు. ఇనుప ముక్క అరగదీసి చూపించండి. ఎవరి చెయ్యి బాగుంటే వాళ్ళకే. రేపు దాటితే మాత్రం ఆగలేను."

ఫోన్ పెట్టేసి చేతులు చూసుకుంది. తను నమ్ముకోవలసింది వాటినే.

భోజనాల వేళ పైడిబాబు బల్ల దగ్గరకు వెళ్ళింది. "పైడీ, నీ బల్ల మీద వైసు గంటసేపు ఇయ్యి. ఒక బిళ్ళ కూడా ఇయ్యి."

"బిళ్ళెందుకప్పా?"

"ఆకురాయి తీసుకోవాల. నాకు బిళ్ళ నేదు కదా."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. ఆమె అతని బిళ్ళను మేకుకు తగిలించి, ఆకురాయి, చదును సరిచూసే మూలమట్టం తెచ్చుకుంది. తుక్కులోంచి అగ్గిపెట్టె అంత ఇనుప ముక్క ఏరి వైసు దవడల మధ్య బిగించింది. మొదట చెయ్యి ఊగి ముక్క నడుం ఎత్తుగా తేలింది. మూలమట్టం ఆనిస్తే కింద రెండు పక్కలా వెలుతురు, ముక్క చదును కాలేదు. అన్నం డబ్బాలు మూసి నలుగురు చుట్టూ చేరారు. ఆమె చెప్పులు విడిచి, కాళ్ళు ఎడం చేసి, మళ్ళీ మొదలుపెట్టింది. కోటు వీపు తడిసింది, జారిన భుజం మంట పుట్టింది. అరగంటకు చెయ్యి తన పాత దారి పట్టింది.

పైడిబాబు మూలమట్టం ఆనించి ట్యూబులైటుకు ఎత్తి చూశాడు. తిప్పి ఇంకో ముఖం చూశాడు. "ఎక్కడా ఎలుగు రాట్లేదప్పా" అన్నాడు. "ఇన్నాళ్ళూ కిటికీలో ఏటి సేసేవు?"

"బిళ్ళలు లెక్కెట్టేను."

ఆకురాయి తుడిచి అరలో పెట్టి, బిళ్ళ అతనికి తిరిగిచ్చేసింది. మూడున్నరకు మేకులన్నీ ఖాళీ, పనిముట్లన్నీ లోపల. తాళంచెవి తీసుకెళ్ళి సౌరభ్ బల్ల మీద పెట్టింది.

"లెటర్ కే బినా, దీదీ? బాయీస్ సాల్ కా ఎక్స్‌పీరియన్స్..."

"అవును బాబూ, లెటరు నేకుండానే. ఒప్పుకున్న ముప్పై రోజులూ సేసేను. ఆ కాగితం నీ కాడే ఉంచుకో. నాను ఎల్లొత్తాను."

గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. స్టేషనుకు పోయే ఆటోలో కూచున్నాక భయం వేసింది, అయినా దిగలేదు.

మర్నాడు పొద్దున పైడిబాబు డ్రిల్లు కోసం వచ్చేసరికి కిటికీ మూసి ఉంది. బిళ్ళలు అందుకునే కిటికీ గట్టు మీద ఆమె వదిలివెళ్ళిన ఆ ఇనుప ముక్క ఉంది, నున్నటి దాని ముఖం మీద చెమట చేత్తో పట్టుకున్న చోట ఆమె బొటనవేలి ముద్ర రాత్రికి రాత్రి తుప్పు పట్టి ఎర్రగా తేలింది.