ఇంట్లోనే ఉంటాది

గుడ్డ తీసుకొని వచ్చిన ఏ ఆడమనిషినైనా సరళ మొదట అడిగే మాట ఒకటే. ఆది జాకెట్ తెచ్చినావా? ఒంటికి సరిగ్గా పట్టిన పాత జాకెట్ ఒకటి తెస్తే దాని కొలతలే కొత్తదానికి పెట్టవచ్చు. మనిషిని నిలబెట్టి టేపు తిప్పే పని ఉండదు. ఆ రోజు తన కోసం గుడ్డ పరిచి, సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాక ఆ మాట తనను తానే అడగాల్సి వచ్చింది. ట్రంకుపెట్టె అడుగున పెళ్ళినాటి జాకెట్ దొరికింది. అది ఇప్పుడు మోచేయి దాటి పైకి ఎక్కలేదు. ఆ తర్వాత తనకు కుట్టుకున్నవన్నీ ఊరివాళ్ళ గుడ్డల్లో మిగిలిన ముక్కలు అతికి కుట్టుకున్నవి. ముక్క ఎంతుంటే కొలత అంత. వాటిలో ఆదిగా పనికొచ్చేది ఒక్కటీ లేదు.

"నిలబడు, నేను తీస్తా" అని సువార్త టేపు అందుకుంది.

సువార్తది చర్చి వీధి. కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసి నిరుడు తిరిగి వచ్చింది. ఆమె పోయేటప్పుడు నైటీలు కుట్టింది సరళే. యాడికి ఊరి నుంచి కువైట్‌కు, మస్కట్‌కు పోయిన ఆడవాళ్ళలో చాలామందికి కుట్టింది ఆమే. మెడ గొంతు దాకా ఉండాలి. చేతులు మణికట్టు దాకా, అంచు మడమల దాకా దిగాలి. పక్కన చీలిక ఉండకూడదు, నడుము దగ్గర పట్టు ఉండకూడదు. జాకెట్ కుట్టడంలో కష్టమంతా ఒంటికి పట్టించడంలో ఉంటుంది. ఈ నైటీలో కష్టం పట్టకుండా చూడడంలో. ఎదురింటి మాబున్నికి బురఖాలు కుట్టిన చెయ్యి కాబట్టి వదులు ఎంత పెట్టాలో సరళకు తెలుసు.

ఇంటి నేల తాడిపత్రి బండలది. రెండు బండల మధ్య గీతకు గుడ్డ అంచు ఆనించి కత్తిరిస్తే కోత వంకర పోదు. కొత్త గుడ్డ, తన కోసమే కొన్నది, ఆ గీత మీద పరచడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. పక్కన సువార్త ఇచ్చిన సూట్‌కేసు నోరు తెరుచుకొని ఉంది. అందులో చింతపండు, అత్త తిప్పమ్మ దంచిన చెనిక్కాయల పొడి డబ్బా, తలకు కట్టుకునే గుడ్డలు అప్పటికే సర్దినారు. గాజులు తీసెయ్యమంది సువార్త, గిన్నెలు తోమేటప్పుడు అడ్డమని. తలగుడ్డ లేకుండా వంటింట్లోకి పోవద్దంది, వెంట్రుక పడితే ఊరుకోరని. బొట్టు సంగతి అడిగితే నవ్వింది.

"స్టిక్కరు పెట్టుకో, ఏమనరు. బొట్టు యాడ పాయె అని నన్ను మన ఊరోళ్ళే అడుగుతారు గానీ ఆడ ఒక్కరూ అడగలేదు."

"మనుషులు ఎట్లాంటోళ్ళు?"

"మన మాదిరే ఉంటారు సరళక్కా. మంచి మేడమ్ దొరికితే మంచి అత్త దొరికినట్ల. దొరక్కపోతే..." అని గడప దగ్గర బియ్యం ఏరుతున్న తిప్పమ్మను చూసి ఆగింది.

"చెప్పు చెప్పు. దొరక్కపోతే నా మాదిరిది దొరికినట్ల" అంది తిప్పమ్మ, చేటలోంచి తల ఎత్తకుండా.

కువైట్‌కు పోవాలని అనుకున్నది సరళ కాదు. వరసగా మూడో ఏడు కూడా చెనిక్కాయ చెట్ల ఊడలు భూమిలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. బోరులో నీళ్ళు పోయాయి. మొగుడు తిప్పేస్వామి చేనికి పోవడం మాని బస్టాండు దగ్గర టీ బంకు బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు అన్నం తింటూ "నీ పేరు ఇచ్చినా" అన్నాడు. "యాడికి?" అని అడిగింది. ఊరి పేరే యాడికి కాబట్టి ఎక్కడికని ఎవరు ఎవర్ని అడిగినా ఈ ఊళ్ళో పక్కవాళ్ళు నవ్వుతారు. పెళ్ళయి వచ్చిన రోజు బస్సులో కండక్టరు యాడికమ్మా అంటే ఈమె యాడికికే అని చెప్పింది, మొగుడు ఊరొచ్చేదాకా నవ్వాడు. ఈసారి నవ్వలేదు. "కువైట్‌కు. తాడిపత్రి ఏజెంటు సుబ్బన్నకు చెప్పినా" అని, మజ్జిగ పొయ్యమన్నాడు.

ఆ మాట బయటికి పొక్కాక వచ్చినవాళ్ళందరూ జాగ్రత్తలు చెప్పినారు. టీ బంకు నల్లప్ప ఇంటికే వచ్చి చెప్పాడు. అది సాయిబుల దేశమమ్మా, ఆడది తలమీద గుడ్డ తియ్యకూడదు, మగతోడు లేకుండా గడప దాటకూడదు, గట్టిగా నవ్వకూడదు, నువ్వు తట్టుకుంటావో లేదో అన్నాడు. సరళ మిషన్ తొక్కుతూ విన్నది. విన్నంతసేపూ ఇవన్నీ యాడనో విన్నట్టే ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలో మామ బతికి ఉన్నాడు. జాకెట్ చేతులు పొట్టిగా ఉన్నాయని, మామ తిరిగే ఇల్లని, తిప్పమ్మ ఆమె తెచ్చుకున్న జాకెట్లన్నిటికీ చేతులకు అతుకు వెయ్యమంది. రంగు కలవని అతుకులు. ఈ ఇంట్లో ఆమె మొదట కుట్టిన కుట్టు అదే. తలమీంచి కొంగు జారితే దగ్గేవాడు మామ. పక్కింటామెతో నవ్వితే ఏం తక్కువైందని నవ్వుతాండావని అడిగేవాడు మొగుడు. దారాలు, లైనింగు గుడ్డ తెచ్చుకోవడానికి తాడిపత్రికి పోయి వస్తానంటే తోడెవరు అన్నారు. తోడు లేదు కాబట్టి దారాలు తిప్పేస్వామే తెచ్చేవాడు. నీలం చెప్తే ఆకుపచ్చ తెచ్చేవాడు. ఆ ఆకుపచ్చ దారం రీళ్ళు ఇంకా డబ్బాలో ఉన్నాయి. తాడిపత్రికి ఒంటరిగా పంపని ఇల్లు ఇప్పుడు సముద్రం అవతలికి ఒంటరిగా పొమ్మంటోంది. ఎవరూ తోడెవరని అడగలేదు. నల్లప్ప చెప్పే దేశానికి తను వచ్చి చానా ఏండ్లయింది కదా అనుకుంది. పైకి మాత్రం "చూస్తాంలే అన్నా" అంది.

అయినా పోనని అనలేదు. అనకపోవడానికి కారణం ఒకటుంది, అది ఎవరికీ చెప్పుకోలేదు. ఆడ ఏం పని ఉంటుందని మొగుణ్ణి అడిగినప్పుడు అతను వేళ్ళు ముడుస్తూ చెప్పాడు. వండాల, తోమాల, ఉతకాల, ఊడవాల, పిల్లలుంటే చూడాల, ముసలోళ్ళుంటే కాళ్ళు పట్టాల. ఆమె ఇంకేమన్నా ఉందేమోనని ఆగింది. "ఇంతేనా?" అంది. "ఇంతే" అన్నాడతను, భయపడిందనుకొని. ఆ పూట అంట్లు తోముతూ ఆమె ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. ఈడ చేసేదీ అదే. ఈడ దానికి పేరు లేదు. ఆడ దాన్ని పని అంటారంట, చేసినందుకు జీతమిస్తారంట. అనంతపురం హాస్టల్లో చదువుతున్న కూతురు జయంతి ఒక్కతే గుర్తొచ్చింది. ఆదివారం చూడటానికి ఎవరు పోతారు? మిగతా దేనికీ మనసు పీకలేదు. అది తెలిసి ఆమెకే కొంచెం బెదురు వేసింది.

మిషన్ సంగతి మాత్రం మింగుడుపడలేదు. నువ్వు పోయినాక అది ఊరికే తుప్పు పడుతుంది, బుక్కరాయసముద్రంలో చెల్లెలికి పంపిస్తా అన్నాడు తిప్పేస్వామి. ఆటో కూడా మాట్లాడినాడు. పెళ్ళికి ముందు రెండేండ్లు నాయన ఇంట్లో కుట్టి కొనుక్కున్న మిషన్ అది. అడగాలని అతనికి తోచలేదు. ఎందుకు తోస్తుంది? జనాభా లెక్కలప్పుడు బడి సారొకాయన పుస్తకం పట్టుకొని వచ్చాడు. మీ ఇంటామె ఏం పని చేస్తుందని అడిగితే, ఏం లేదు సార్, ఇంట్లోనే ఉంటాది అన్నాడు తిప్పేస్వామి. అని, లోపలికి తిరిగి కేక వేశాడు. కాసేపు ఆ మిషన్ నిలపవే, సారు మాట వినపడలేదు.

సువార్త పోయినాక, ఆ రోజే పొద్దు వాలేముందు సుబ్బన్న వచ్చాడు. మరుసటి రోజు తెల్లారి జీపు వస్తుందని, బొంబాయి దాకా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిపి రైల్లో తనే తోడొచ్చి విమానం ఎక్కిస్తానని చెప్పడానికి. మాట నెమ్మది మనిషి. తిప్పేస్వామి వేసిన కుర్చీలో కూర్చొని సూట్‌కేసు చూశాడు. తర్వాత గోడకు కట్టిన తీగ చూశాడు. దాని మీద జాకెట్లు వరసగా వేలాడుతున్నాయి, ఒక్కోదానికి పేరు రాసిన చీటీ గుచ్చి ఉంది. అప్పుడే మాబున్ని వచ్చి తన కూతురి బట్టలు తీసుకొని, చేతులు తిరగేసి చూసి, సరళ నెత్తిన చెయ్యి పెట్టి పోయింది. వెనకే ఇంకొకామె వచ్చింది, నువ్వు పోతాండావంట, మా పెండ్లి జాకెట్లు ఎవరికియ్యాల అని నిష్ఠూరం చేసి పోయింది.

"ఇవన్నీ ఎవరు కుట్టినారు?" అన్నాడు సుబ్బన్న.

"నేనే అన్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెండ్లి కాకముందు నుంచి."

సుబ్బన్న తీగ మీది జాకెట్ ఒకటి లాగి, లోపలి కుట్టు తిరగేసి చూశాడు. తర్వాత తిప్పేస్వామి వైపు తిరిగాడు.

"ఏమప్పా, కుట్టుపని వస్తుందని చెప్పాల కదా. ఆడ ఒక మేడమ్ ఆడోళ్ళ బట్టలు కుట్టే షాపు పెట్టింది. మంచి మనుషుల్ని చూడమని నా పానం తింటాండాది. నేను ఈయమ్మకు ఇంటిపని వీసా రాపిస్తి."

"నువ్వేమడిగితివన్నా? ఏం పని చేస్తాది అంటివి. ఇంట్లోనే ఉంటాది అంటిని. అబద్ధం చెప్పలేదు కదా."

"ఇంట్లో ఉంటాదంటే నేనేమనుకోవాల? ఇంటిపనే అనుకుంటి."

"ఇంట్లో కూర్చోని కుట్టుకుంటాది, అదొక పనా? ఆడికి పోయినాక చెప్పుకుంటాదిలే, నాకు కుట్టేది వస్తుందని."

"ఆడికి పోయినాక చెప్పుకునేదేం లేదప్పా. ఇంటిపనికి పోయినామెకు ఇంటిపనే. షాపులోకి పోతే దొంగతనంగా పోయినట్ల. మారాల్నంటే ఇప్పుడే ఇది రద్దు చేపియ్యాల. కొత్తది రావాల్నంటే ఆర్నెల్లు. అదీ వస్తాదని నేను ఒట్టేసి చెప్పలేను."

"ఆర్నెల్లా? వద్దులే అన్నా. తెల్లారి జీపు తోలించు."

మాటలు ఆమె తలమీంచి ఇటూ అటూ పోతున్నాయి. సరళ చేతిలో మూడో నైటీ ఉంది, అంచు మడిచి కుట్టడం ఒక్కటే మిగిలింది. ఆమెకు కోపం రాలేదు. కోపం వస్తుందని ఎదురుచూసింది కూడా. అలసట మాత్రమే వచ్చింది, ఒళ్ళంతా తడి గుడ్డలా బరువెక్కింది. బడి సారుతో అన్న మాటే. అదే మాట, ఇంకో మనిషితో. అప్పుడు పుస్తకంలో ఒక గడి ఖాళీగా పోయింది, అంతే. ఈసారి ఆ మాట సముద్రం దాటి ముందే పోయింది. తను పోయి దిగేటప్పటికి ఆ మాట ఆ ఇంటి తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. ఏం రాదు, ఇంట్లోనే ఉంటాది అని. తను మళ్ళీ దాని లోపలికే పోవాలి, ఒంటికి పట్టని ఈ నైటీ తొడుక్కొని. ఆ మాటకు ఆది జాకెట్ ఎవరు ఇచ్చారు? అత్తకు కూడా ఎవరో ఒకరు అదే కొలత పెట్టి ఉంటారు.

సుబ్బన్న లేచాడు. లేచినవాడు గడప దగ్గర ఆగి, "ఆయమ్మ ఏమంటాదో ఒక మాట అడుగప్పా" అన్నాడు.

"ఆమె ఏమంటాది? మనమెట్లంటే అట్ల."

సరళ నైటీ మడిచి మిషన్ మీద పెట్టింది.

"సుబ్బన్నా, జీపు నా కోసం నిలపొద్దు. ఆ మేడమ్‌కు నా సంగతి చెప్పు. ఆర్నెల్లకు రానీ, ఇంకా ఆలస్యం కానీ. ఏం పని వస్తుందని ఆడ ఎవరన్నా అడిగితే, నన్నే అడగమను."

రాత్రికి బియ్యం ఏరుతున్న తిప్పమ్మ చేటలో చెయ్యి ఆగింది. తిప్పేస్వామి పెళ్ళాన్ని చూశాడు, సుబ్బన్నను చూశాడు, నలుగురిలో నవ్వులపాలైన మనిషిలా ఒకసారి నవ్వాడు.

"ఆటో మాట్లాడినా కదా, మిషన్‌కు?"

"మిషన్ యాడికీ పోదు."

ఊరి పేరు ఉన్నా ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. తిప్పేస్వామి గొంతు పెంచాడు. చేను ఎండిపోయింది, బోరు ఎండిపోయింది, ఏమనుకుంటాండావు నువ్వు అన్నాడు. తర్వాత, ఇక దీనికి జవాబు ఉండదన్న నమ్మకంతో, అడగాల్సింది అడిగాడు.

"ఆర్నెల్లు ఏం తింటాం?"

సరళ తీగ మీంచి పెండ్లివాళ్ళ జాకెట్ అందుకొని, చీటీ మీది పేరు చూసుకొని, మిషన్ ముందు కూర్చుంది.

"మూడేండ్ల నుంచి ఏం తింటాండామో, అదే" అంది.

సుబ్బన్న గడప దిగిపోయాడు. తిప్పమ్మ కొడుకు మొహం చూడలేదు. చేట పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి లేచి, సూట్‌కేసులోంచి చెనిక్కాయల పొడి డబ్బా తీసుకొని వంటింట్లోకి పోయింది.