స్టీరింగ్ లేని రోజు

జుంబర్‌కి వైన్ అంటే గిట్టదు. వైన్‌కి పేరుబడ్డ కాఖేతీ సీమలో పుట్టిన మగవాడు ఆ మాట పైకి అంటే పెళ్ళికి పిలిచేవాళ్ళు కూడా ఉండరు. అందుకే టూరిస్టు బస్సు నడిపినన్నాళ్ళూ ఆ స్టీరింగే ఆయనకి శ్రీరామరక్ష. ఏ విందులో గ్లాసు అందించినా, "బండి నడపాలి బాబూ" అని తప్పించుకునేవాడు. అసలు సంగతి భార్య ఎతేరికి తప్ప ఎవరికీ తెలియదు.

రిటైరయ్యాడో లేదో లమారా ఫోన్ చేసింది. ద్రాక్షతోటను ఆనుకున్న ఇంట్లోనే చిన్న వైనరీ నడుపుతుందామె. జుంబర్ ఆమె వాకిట్లో జనాన్ని దింపి, వాళ్ళు లోపల వైన్లు రుచి చూస్తుంటే తాను బయట అక్రోటు చెట్టు కింద కునుకు తీసేవాడు.

"అన్నయ్యా, ఇక సాకులు చెల్లవు. ఆదివారం వదినని తీసుకుని రా."

ఆదివారం ఇద్దరూ వ్యానెక్కి వెళ్ళారు. లోపల బతూమీ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి అప్పటికే బల్ల చుట్టూ చేరి ఉంది. లమారా నేలలో పాతిన బాన మూత తీసి, తేనెరంగు వైన్ ముంచి, జుంబర్ గ్లాసు నిండా పోసింది. అందరి కళ్ళూ ఆయన మీదే.

తాగేముందు నాలుగు మంచిమాటలు చెప్పడం అక్కడి ఆచారం. జుంబర్ లేచి నిలబడ్డాడు. తాగకుండా ఉండాలంటే మాట్లాడుతూనే ఉండాలి. ఈ ఇల్లు చల్లగా ఉండాలన్నాడు. తీగలు కత్తిరించిన చేతులకు దణ్ణం పెట్టాడు. ఒకప్పుడు కొండదారిలో బ్రేకులు పోతే బస్సును గడ్డివాములోకి తోలిన కథ ఎత్తుకున్నాడు. వాము తాలూకు రైతు నోటికొచ్చినట్టు తిట్టి, ఆనక బస్సులో ఉన్నవాళ్ళందరికీ అన్నం పెట్టాడట. ఆ రైతు పేరు చెప్పి గ్లాసులెత్తమన్నాడు. బతూమీ తాతగారు కళ్ళు తుడుచుకుని, తాగి, మళ్ళీ పోయించుకున్నారు.

లమారా పక్కకొచ్చి అంది: "అన్నయ్యా, ఇంతసేపైనా నీ గ్లాసు తరగదేం?"

ఎతేరికి నవ్వాగలేదు. "ఇంకా దాపరికమెందుకమ్మా! ఈయనకి వైన్ పడదు. మా పెళ్ళిలో తన గ్లాసు కూడా నేనే తాగాను."

జుంబర్ చెవులు ఎర్రబడ్డాయి. పరువు కోసం ఒక్క గుక్క మింగాడు. పచ్చి చింతకాయ కొరికినట్టు మొహం ముడుచుకుపోయింది. లమారా పొట్ట పట్టుకుని నవ్వింది.

"నా వైన్‌కి నోచుకోలేదే అని ఇన్నేళ్ళూ నీమీద జాలిపడ్డాను కదయ్యా!"

"నీ వైన్‌కేం తల్లీ. నా నాలుకదే తప్పు."

"తాగితేనేం, తాగకపోతేనేం?" అన్నారు తాతగారు. "ఆ రైతు ఏమని తిట్టాడో అది చెప్పమనండి ముందు!"

లమారా లోపలికెళ్ళి, వైన్ తాగే పొట్టేలు కొమ్ము నిండా దానిమ్మరసం తెచ్చి ఆయన చేతికిచ్చింది. "ప్రతి ఆదివారం వచ్చి ఇలా నాలుగు మాటలు చెప్పి పో."

"ఎవరైనా కనిపెడితే?"

"కొమ్ములోకి ఎవడు తొంగిచూస్తాడులే!"

జుంబర్ గటగటా తాగేసి, రైతు తిట్లు అందుకున్నాడు.

సాయంత్రం వ్యాన్‌లో ఎతేరి కూనిరాగాలు తీస్తూ ఆయన భుజమ్మీద వాలిపోయింది. జుంబర్ మాత్రం కుర్ర డ్రైవర్ గేరు మార్చే తీరు నచ్చక, ఇల్లు చేరేదాకా వెనకనుంచి సలహాలిస్తూనే ఉన్నాడు.