స్పానరమ్మ ఆయాసం

పొద్దున్నే షట్టరెత్తి, టీ తాగి, మొదటి బండి బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తుంది స్పానరమ్మ. ఆనించగానే బండి జబ్బు ఆమెకు పాకుతుంది. రేడియేటర్ కారుతుంటే ఆమెకు ముక్కు కారుతుంది, హారన్ ఇరుక్కుంటే వెక్కిళ్లు పట్టుకుంటాయి. బండి బాగైతే ఆమెకూ నయమవుతుంది. అందుకే ఆ వీధిలో ఎవరూ బండి సంగతి అడగరు. "తగ్గిందా స్పానరమ్మా?" అంటారు, అంతే.

ఆ రోజు వచ్చింది బావ పాత పికప్. అది కొత్తగా నీలం రంగుతో మెరిసిపోతోంది.

"కొండ రోడ్డెక్కితే లాగట్లేదే. కాసేపటికి ఆగిపోతుంది. కాస్త ఆగితే మళ్లీ స్టార్టవుతుంది" అన్నాడు బావ. "మీ అక్కకు నెలలు నిండాయి. ఆసుపత్రేమో కొండ మీదాయె! నొప్పులొచ్చాక ఇది సగం దారిలో మొరాయిస్తే నా గతేం కాను?"

"నీ గతికేం బావా, మా అక్క గతి చెప్పు!"

ఆమె బానెట్ మీద చెయ్యేసింది. "జాగ్రత్తగా చూడవే మరదలా" అంటూ బావ ఆ చేతి మీద తన చెయ్యేసి తట్టాడు. వెంటనే ఆమెకు ఆయాసం మొదలైంది. ఎడమ చెయ్యి కూడా లాగింది. స్టీరింగ్ బిగుసుకుందేమోలే అనుకుంది.

డీజిల్ ఫిల్టర్ మార్చింది. తగ్గలేదు. ఎయిర్ ఫిల్టర్ దులిపింది. ఊహూఁ. ఇంజిన్ నడుస్తూ నడుస్తూ దగ్గి ఆగిపోయింది. ఈసారి ట్యాంకు మూత తిప్పింది. సుయ్యిమంటూ ట్యాంకు గాలి పీల్చుకుంది. చూస్తే మూతకున్న సన్న బెజ్జం నిండా నీలం రంగే.

"ఓరి దేవుడా! మూతకు కూడా రంగేశావా బావా?"

"నా బిడ్డ ఎక్కే బండి కదే, ఎక్కడా వదల్లేదు."

"డీజిల్ తగ్గేకొద్దీ లోపలికి గాలి పోవాలయ్యా. నువ్వు దాని ముక్కు మూసేశావు!"

పిన్నుతో బెజ్జం తెరిచి, బావను పక్కన కూర్చోబెట్టుకుని కొండ రోడ్డు పట్టింది. మలుపు మీద మలుపు, ఎక్కడా తగ్గకుండా లాగేస్తోంది పికప్. స్టీరింగూ తేలిగ్గానే తిరుగుతోంది. ఆమెకు మాత్రం ఊపిరి అందడం లేదు. చెయ్యి తెగి పడిపోతోంది.

బండి బాగైంది. మరి ఈ నొప్పెవరిది? అయినా బండికి ఎడమ చెయ్యెక్కడిది?

పక్కకు చూసింది. బావ నుదుటి నిండా చెమట. ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు. పొద్దున తన చేతి మీద పడిన చెయ్యి గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో మనిషి జబ్బు ఆమెకు పాకడం ఇదే మొదలు.

"బావా, ఎన్నాళ్ల నుంచీ నొప్పి?"

"నీకెలా తెలుసు? బరువులెత్తే ఒళ్లు, ఉంటుందిలే. బండి తిప్పు, ఇంట్లో మీ అక్క ఒక్కతే ఉంది."

ఆమె తిప్పలేదు. నాకేం రోగమని బావ గొణుగుతున్నా వినకుండా ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకెళ్లి ఆపింది. డాక్టరమ్మ ఈసీజీ తీయించి చూసి, గుండెపోటంటూ అప్పటికప్పుడు మంచమెక్కించి లోపలికి తోయించింది.

స్పానరమ్మ బయట బల్ల మీద కూర్చుంది. లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆమె గుండెకు తెలుస్తూనే ఉంది. ఒక్కో ఊపిరీ లాక్కుంటూ, భయంతో కళ్లు మూసుకుంది. చాలాసేపటికి ఎడమ చేతి లాగుడు మెల్లగా వదిలింది. ఛాతీ నిండా గాలి వచ్చింది. ఎంత ఊపిరి! ఆమెకు ఏడుపొచ్చేసింది.

డాక్టరమ్మ ఇంకా బయటికి రాలేదు. ఫోన్ మోగింది.

"ఏమే, తగ్గిందా?" అంది అక్క.

"బండికి ఎప్పుడో తగ్గిందక్కా" అంది స్పానరమ్మ. "బావకు ఇప్పుడే తగ్గింది."