ఒకటిన్నర లీటర్లు

కోసిన అరటి గెల చచ్చిపోయిందని చాలామంది అనుకుంటారు. నేనూ పాతికేళ్లపాటు అలాగే అనుకున్నాను. రావులపాలెం మార్కెట్లో ఇరవై కిలోలు తూగిన గెల నాలుగో రోజుకి పంతొమ్మిదికి దిగితే, తేమ ఆరిందనుకుని ఆ కిలోని తరుగు కింద వదిలేసేవాణ్ని.

తొమ్మిదేళ్ల క్రితం పళ్లు మగ్గబెట్టడానికి చల్లగది కట్టించాను. దాన్ని నడిపే తీరు నేర్పడానికి ఉద్యానశాఖ నుంచి ఒకాయన వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని గెలల మధ్యలో పెట్టించాడు. వెచ్చగా తగిలింది.

"బతికే ఉందండి అప్పాజీ గారూ. చెట్టు నుంచి తిండి రాదు గనక తనలో ఉన్న పిండినే తింటుంది. మనలాగే గాలి పీల్చుకుని ఆ పిండిని లోపల కాల్చుకుంటుంది. ఆ వేడే ఇది. కాలాక చెడ్డగాలి వదులుతుంది. అది గదిలో నిండిపోతే పండు మగ్గదు. రోజూ పొద్దున్న ఇరవై నిమిషాలు తలుపులు బార్లా తీయించండి. లోపలికి పెట్టేదొక్కటే చూసుకుంటే చాలదు, లోపలిది బయటికి పోవాలి."

కొన్న సరుకు కదలకపోతే కొట్టు మూతపడుతుందని నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. వెంటనే అర్థమైంది. ఆ రోజు నుంచి మా పనివాడు బుల్లియ్య పొద్దున్నే తలుపులు తీసేవాడు. పండు బంగారంలా వచ్చేది.

ఈ సంగతి అరటిపండు విషయంలో నాకు తొమ్మిదేళ్లుగా తెలుసు.

చల్లగది రాకముందు మాది పొగగది. గెలలు పేర్చి, తలుపు సందులకు మట్టి మెత్తి, గోడకున్న కన్నంలో కుండ పెట్టేవాళ్లం. కుండలో పిడకలు, ఎండు అరటాకులు. వెనక నుంచి ఊదితే పొగ గదిలోకి పోయేది. కూలివాళ్లని పెడితే రెండుసార్లు ఊది బీడీ కాల్చుకోవడానికి లేచిపోతారు. నా భార్య లోవలక్ష్మి అలా కాదు. పొగ సమంగా పోతేనే పండుకి రంగు సమంగా వస్తుందని తెలిసిన మనిషి. పద్దెనిమిదేళ్లు ఊదింది. "కోడళ్లందరూ అత్తారింట్లో పొయ్యి ఊదుతారు. నేను మా ఆయన వ్యాపారం ఊదుతున్నాను" అని నవ్వేది. ఊదిన గాలి పొగయి, సగం వెనక్కి ఆవిడ ముఖం మీదికే వచ్చేది. మార్కెట్లో మాత్రం మా పండు రంగు చూసి వేరే కొట్లవాళ్లు కుళ్లుకునేవారు.

నలభై తొమ్మిదో ఏట దగ్గు మొదలైంది. యాభై మూడుకి మెట్లు ఎక్కలేకపోయింది. యాభై ఐదుకి అన్నం తినడమో, ఊపిరి తీయడమో, ఏదో ఒకటే చేయగలిగేది. చక్కెరకేళి పండు చేతికిస్తే రెండు ముక్కలు కొరికి, పక్కన పెట్టి, ఆయాసం తీర్చుకుని, మళ్లీ అందుకునేది. ఒక పండుకి పావుగంట.

గోడౌన్లో గెలలు తూచే కాటా మీద నెలకోసారి నిలబెట్టేవాణ్ని. అరవై ఒకటి. యాభై నాలుగు. నలభై మూడు.

"నన్ను ఏ లారీకి ఎక్కిస్తారేంటి?" అనేది దిగుతూ.

రాజమండ్రిలో పావని గారని ఊపిరితిత్తుల డాక్టరు. ఆవిడ ముందు నా అనుమానం పెట్టాను.

"తింటూనే ఉందండి. పూటకి రెండు ముద్దలు తగ్గాయేమో గానీ మానలేదు. మరి ఆ తిండంతా ఎటు పోతోందండీ?"

"ఊపిరికే పోతోందండి. మీరూ నేనూ తిన్నదాంట్లో నూటికి రెండు వంతుల బలం ఊపిరి తీయడానికి సరిపోతుంది. ఈవిడకి ఇరవై దాకా పోతోంది. కూర్చున్నా, పడుకున్నా బరువు మోస్తున్న మనిషి కిందే లెక్క. తిన్నది చాలక ఒళ్లు తన కండనే తింటోంది."

చెట్టు నుంచి తెగిన గెల గుర్తొచ్చింది.

ఇంట్లో పెట్టుకోవడానికి ఆక్సిజన్ మిషన్ రాసిచ్చారు. "ఒకటిన్నర లీటర్ల మీద ఉంచండి. మరీ అవసరమైతే రెండు. వేలికి పెట్టే మీటర్లో ఎనభై ఎనిమిదికీ తొంభై రెండుకీ మధ్య ఉంటే చాలు."

"ఎనభై ఎనిమిదేంటండీ? కనీసం తొంభై ఐదన్నా లేకపోతే ఎలాగండి?"

పావని గారు నవ్వారు. "ఇది అరటిగెల బేరం కాదండి. ఎక్కువ పెడితే ఈవిడకి ఊపిరి మందగిస్తుంది. లోపలి చెడ్డగాలి లోపలే ఉండిపోతుంది. మీటర్లో అంకె బాగానే కనబడుతుంది, మనిషి మాత్రం మత్తులోకి పోతుంది. రెండు దాటొద్దు."

తల ఊపాను. కానీ నేను అంకెల్లో బతికినవాణ్ని. లారీవాడు సాయంత్రం వస్తానంటే అది మర్నాడు పొద్దున్నని, రైతు వంద గెలలున్నాయంటే ఎనభై అని నాకు తెలుసు. ఎవరు ఏ అంకె చెప్పినా అందులో కొంత సడలింపు ఉంటుంది. డాక్టరు రెండు దాటొద్దందంటే మూడు, నాలుగు దాకా ఫరవాలేదని నా లెక్క.

ఇంకో లెక్క కూడా ఉంది. కరోనా రెండో విడతలో మా తమ్ముడు గంగాధర్ వేలి మీద అంకె తొంభై నుంచి ఎనభైకి, ఎనభై నుంచి అరవైకి దిగుతుంటే ఆసుపత్రి వరండాలో నిలబడి చూశాను. సిలిండరు కోసం ఊరంతా తిరిగి నేను తెచ్చేసరికి వాడికి దాని అవసరం లేకపోయింది. అప్పటి నుంచి ఎనభై ఎనిమిది అన్న అంకెని ఒక మనిషి వేలి మీద చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఏడు నెలలు ఊరుకున్నాను. కార్తీక మాసం వచ్చింది. అరటిపళ్లకి గిరాకీ, లారీల మీద లారీలు. ఆ సోమవారం పొద్దున్న లోవలక్ష్మి మంచం అంచు పట్టుకుని, భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. మీటర్లో ఎనభై ఆరు. మిషన్ రెండుకి తిప్పాను. ఎనభై ఎనిమిది. మూడుకి తిప్పాను.

"ఏంటండీ తిప్పుతున్నారు? డాక్టరమ్మ వద్దంది కదా."

"రెండ్రోజులు చూద్దాం. నువ్వు తేరుకున్నాక తగ్గిద్దాం."

"మీ చెయ్యి ఊరుకోదు," అంది ఆయాసపడుతూనే. "కాటా కనబడితే చాలు, బొటనవేలు దాని మీదికి పోతుంది."

ఐదు మీద ఆపాను. తొంభై ఏడు. నల్లబడ్డ పెదాలకి రంగొచ్చింది. నెలల తరబడి మూడు దిళ్ల మీద కూర్చుని కునుకు తీసిన మనిషి ఒక దిండు మీదికి ఒరిగి నిద్రపోయింది. ఆ నిద్ర చూసి నేను మురిసిపోయాను. ఎవరూ ఇవ్వనన్న ధర నేను ఇప్పించానన్నంత సంతోషం.

మర్నాడు తలనొప్పి అంది. మధ్యాహ్నం ముద్ద నోట్లో ఉండగానే కళ్లు మూతలు పడ్డాయి. జంగారెడ్డిగూడెం నుంచి మా అమ్మాయి సత్యవాణి ఫోన్ చేసింది.

"అమ్మకి ఒకసారి ఇవ్వండి నాన్నా."

"నిద్రపోతోందమ్మా. ఎన్నాళ్లకో పట్టింది, లేపడం ఎందుకు?"

బుధవారం పొద్దున్న గోడౌన్‌కి వెళ్లాను. చల్లగది ముందు బుల్లియ్య మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు. గెలలు చూస్తే కాడల దగ్గర పచ్చగానే ఉన్నాయి, కాయ మాత్రం మెత్తబడింది. ఇటు పండూ కాదు, అటు కాయా కాదు.

"నిన్న తలుపు తీశావా?"

"లారీలు రెండు ఒకేసారి వచ్చాయండి. మగ్గబెట్టే గ్యాసు సరిపడా ఎక్కించాను కదా, ఫరవాలేదనుకున్నానండి."

"గ్యాసు ఎక్కిస్తే అయిపోయిందా? లోపలి గాలి ఎవడు బయటికి పంపిస్తాడు? చెడ్డగాలి ఎంతుందో చూపించే మీటరు గోడ మీద అలంకారానికి పెట్టించానా? తొమ్మిదేళ్ల నుంచి అదే మాట చెబుతున్నాను, నీ బుర్రకి ఎక్కదేంటి?"

"నిజమేనండి. ఇందాక లోపలికెళితే నాకే తల దిమ్మెక్కిపోయింది. ఇంకాసేపుంటే అక్కడే నిద్రపోయేవాణ్ని."

నా నోట్లో తర్వాతి తిట్టు సిద్ధంగా ఉంది. ఇంట్లో లోవలక్ష్మి రెండ్రోజులుగా నిద్రపోతోంది.

బండి ఎలా నడిపానో తెలియదు. లోవలక్ష్మి ముఖం ఎర్రగా, చేతులు వెచ్చగా ఉన్నాయి. పిలిచాను. కదిపాను. చాలాసేపటికి ఒక ఊపిరి, మళ్లీ చాలాసేపటికి ఇంకొకటి. మీటర్లో తొంభై ఆరు. అంకెలో ఏ లోపమూ లేదు.

అంబులెన్సుకి ఫోన్ చేయడానికి ముందు నేను మిషన్ ఐదు నుంచి ఒకటిన్నరకి తిప్పాను. అది ఆవిడ కోసమే తిప్పానని చాలాసార్లు చెప్పుకున్నాను. నాకు తెలుసు. వచ్చేవాళ్లు చూస్తారని తిప్పాను.

ఆసుపత్రిలో గాలిని లోపలికి నెట్టే మాస్కు బిగించారు. సాయంత్రానికి సత్యవాణి వచ్చింది. పావని గారు రక్తం రిపోర్టు పట్టుకుని బయటికొచ్చారు.

"నలభై ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ నూట పది ఉందండి. మిషన్ ఎంత మీద పెట్టారు?"

"ఒకటిన్నరండి."

ఆవిడ రిపోర్టు వైపు చూసి, నా వైపు చూశారు. "ఈ కాగితం అలా చెప్పట్లేదండి."

"నాన్నా?" అంది సత్యవాణి.

"ఒకటిన్నరే."

గురువారం మధ్యాహ్నం లోవలక్ష్మి కళ్లు తెరిచింది. నీళ్లు తాగించడానికి మాస్కు తీశారు. నేను మంచం కాళ్ల వైపు నిలబడ్డాను. పావని గారు వంగి అడిగారు. "అమ్మా, మిషన్ ఎవరైనా ఎక్కువకి తిప్పారా? తెలిస్తే మాకు మంచిది."

లోవలక్ష్మి నన్ను చూసింది. కూతుర్ని చూసింది. ఆ తర్వాత ఒక్కో మాటకీ ఆగి, మెడ నరాలు ఉబ్బించి, మళ్లీ ఊపిరి పోగుచేసుకుంది.

"నేనే... తిప్పుకున్నాను... ఆయాసం... పట్టలేక. ఆయన... ఇంట్లో లేరు."

"అయ్యో, ఎందుకమ్మా అలా చేశావు?" అంది సత్యవాణి, ఏడుపూ కోపమూ కలిసి. డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నారు. లోవలక్ష్మి అన్నవి ఏడే మాటలు. నేను లెక్కపెట్టాను కాబట్టి చెబుతున్నాను, ఆ ఏడు మాటలకి పంతొమ్మిది ఊపిరులు పట్టాయి. తిన్నది చాలక కండ తినే మనిషి, అంత పెట్టి నా అబద్ధాన్ని కొన్నది. కాదని ఒక్క మాట అనడానికి నాకు ఒక్క ఊపిరి చాలు. నా ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. అనలేదు.

అందరూ వెళ్లాక దగ్గరికి వెళ్లాను. మాస్కు మళ్లీ బిగించారు, మాట్లాడే వీలు లేదు. చెయ్యి దుప్పటి మీదికి జరిపి, బొటనవేలితో మంచం అంచుని ఒకసారి నొక్కింది. కాటా నొక్కినట్టు. మాస్కు లోపల నవ్విందని బుగ్గల్ని బట్టి తెలిసింది.

శుక్రవారం ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆదివారం పొద్దున్న పోయింది.

పదకొండో రోజు చుట్టాలందరికీ సత్యవాణే చెప్పింది. "డాక్టరమ్మ అన్నిసార్లు చెప్పినా అమ్మ తొందరపడి తిప్పేసుకుంది." వాళ్లు తలలూపారు. "ఆత్రం మనిషి" అంది ఒకావిడ. పద్దెనిమిదేళ్లు ఓపికగా కుండ ఊదిన మనిషిని. విస్తరి ముందు కూర్చుని విన్నాను. తిన్నాను కూడా.

ఇప్పుడు పొద్దున్న తలుపులు నేనే దగ్గరుండి తీయిస్తున్నాను. చల్లగది లోంచి తియ్యటి, బరువైన గాలి బయటికొచ్చి కాళ్ల మీదుగా పోతుంది. గోడ మీద అంకె మెల్లగా దిగుతుంది. నిన్న అక్కడ నిలబడి ఉండగా సత్యవాణి ఫోన్ చేసింది. తిన్నారా, మందులు వేసుకున్నారా అని అడిగింది.

"మీరు ఆ రోజు ఇంట్లో ఉండుంటే ఆపేవారు కదా నాన్నా."

నోరు తెరిచాను. ఆ పిల్ల అటు వింటోంది.

"ఆఁ," అన్నాను.

ఫోన్ పెట్టేశాక బుల్లియ్య గడియారం వైపు చూశాడు. "ఇరవై నిమిషాలైందండి. మూసెయ్యమంటారా?"

"మూసెయ్."