ఇటువైపు గోడ

రాత్రంతా ఆసుపత్రిలో మేలుకుని పొద్దున ఇంటికొచ్చే మనిషికి ఒకే ఒక్క కోరిక ఉంటుంది, పడుకోవడం. నర్సుకు అది కూడా గొంతెమ్మ కోరికైపోయింది. ఆమె పడకగది కిటికీ అవతల, మొన్నమొన్నటిదాకా పిచ్చిమొక్కలు మొలిచి ఎవరికీ పట్టకుండా పడి ఉన్న కాలనీ ఖాళీ జాగాలో, నీలం రంగు నేల వేసి, తెల్ల గీతలు గీసి, రెండు పికిల్‌బాల్ కోర్టులు కట్టారు. అట్టలాంటి గట్టి బ్యాటు, చిల్లుల ప్లాస్టిక్ బంతి. బంతి బ్యాటుకు తగిలినప్పుడల్లా ఠక్కుమంటుంది. ఆ ఠక్కుకు ఒక తాళమంటూ ఏడిస్తే చెవి దానికి అలవాటు పడి ఊరుకునేదేమో. అదీ లేదు. ఠక్, ఠక్, కాసేపు ఏమీ ఉండదు, హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ ఠక్. ఆ మధ్యలో ఎవరో పెద్దగా నవ్వుతారు. తెల్లారింది మొదలు మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఇదే భాగోతం.

కాలనీ కమిటీ అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఆటగాళ్ళలోనూ ఆయనే అధ్యక్షుడు. నర్సు వెళ్ళి చెప్పుకుంటే నోరంతా తెరిచి నవ్వి, వ్యాయామం ఎంత మంచిదో ఆసుపత్రిలో పనిచేసే మనిషికి తాను వేరే చెప్పాలా అన్నాడు. చెవుల్లో దూది పెట్టుకుని చూడమన్నాడు. ఆమె దూది పెట్టుకుంది. ఫ్యాను జోరు పెంచింది. మంచం ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపింది. చివరికి వంటింట్లో చాప వేసుకుని, గ్యాసు సిలిండరు పక్కన ముడుచుకుని పడుకుంది. ఎక్కడ పడుకున్నా ఠక్కు ఆమెను వెతుక్కుంటూ వచ్చేది. లిఫ్టులు బాగుచేసే మొగుడు పొద్దున్నే పోయి దీపాలు పెట్టాక వచ్చేవాడు. అంత చప్పుడేం చేస్తారే, నాకెప్పుడూ వినపడలేదే అన్నాడు ఒకసారి. ఆ మాటకు ఆమె పెట్టిన మొహం చూసి మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇంతలో అనుకున్నంతా అయింది. ఒకనాడు డ్యూటీ దిగబోతూ, ఒక మంచం మీది ముసలావిడకు వెయ్యాల్సిన మాత్రలు పక్క మంచం ట్రేలో పెట్టేసింది. ఆ పక్క మంచం మనిషి, ఇవి నావి కావమ్మా, నావి పచ్చవి కదా అనబట్టి సరిపోయింది. ఆమె వార్డులో ట్రేలన్నీ మొదటి నుంచీ మళ్ళీ సరిచూసుకుంది. పెద్ద సిస్టరు ఆమెను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి ఒక్క మాటే అంది. "ఈసారికి నా దగ్గరే ఆపాను. ఇంకోసారి ఇలాగైతే నా చేతుల్లో ఉండదు." పదేళ్ళ ఉద్యోగం పోతుందన్న భయం ఒకటైతే, తన చేతుల మీదుగా ఎవరి ప్రాణం పోతుందోనన్న భయం అంతకు మించింది.

కోర్టుకు అటుపక్క ఇల్లు బట్టలు కుట్టే అక్కది. సొంత అక్క కాదు గానీ, నర్సు ఈ వీధికి కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటి తాళం పోగొట్టుకుని గుమ్మంలో కూర్చుంటే, లోపలికి పిలిచి అన్నం పెట్టింది. అప్పటి నుంచీ అక్కే. బావ బస్సు డ్రైవరు. బస్సు బోల్తా కొట్టి తలకు దెబ్బ తగిలాక ఇంటిపట్టునే ఉంటున్నాడు. నడుస్తాడు, తింటాడు, మనుషుల్ని గుర్తుపడతాడు. చప్పుడే పడదు. గిన్నె కింద పడితే చాలు, రెండు చేతులతో తల పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. ఆయన కోసం అక్క కుట్టుమిషను వెనక వరండాలోకి మార్చుకుని, ఎండలో కూర్చుని కుట్టేది. అలాంటి మనిషి ఇంటి ముందుకు ఈ ఠక్కు వచ్చి కూర్చుంది.

ఆ కాలనీ మీటింగుకు ఒక పద్ధతుంది. ఒక్క ఇల్లే లేచి ఫిర్యాదు చేస్తే దాన్ని గొడవ అంటారు, పక్కన పెట్టేస్తారు. రెండిళ్ళవాళ్ళు ఒకేసారి లేచి నిలబడితేనే అది సమస్య, దానికి కమిటీ జవాబు చెప్పి తీరాలి. అత్తాకోడళ్ళ తగువులూ, బండ్లు నిలుపుకునే తగువులూ మీటింగులో పడకుండా ఎప్పుడో పెట్టుకున్న కట్టుబాటు. నర్సూ అక్కా కలిసి లేచారు. అక్క తన మొగుడి మాటే ఎత్తలేదు. "ఈ పిల్లకి నిద్ర లేదు. ఇలాగే ఉంటే రేపు మీకే ఒక సూది బదులు ఇంకోటి గుచ్చుతుంది, అప్పుడు నన్ననకండి," అంది. అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు, జవాబు మాత్రం చెప్పక తప్పలేదు. వచ్చే మీటింగులో మళ్ళీ రెండిళ్ళూ లేస్తే పొద్దుటి ఆటలు ఆపే సంగతి ఓటుకు పెడతామన్నారు.

ఓటు దాకా రానిస్తే పళ్ళ డాక్టరు అధ్యక్షుడెందుకవుతాడు? ఆ వారంలోనే ఒక సాయంత్రం నర్సు ఇంటికొచ్చి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, టీ బావుందని మెచ్చుకుని, అప్పుడు అసలు సంగతి విప్పాడు. కోర్టుకు ఇటువైపు ఎత్తుగా ఇనప రేకుల గోడ కట్టిస్తారట. కిటికీ మునిగేంత ఎత్తు, చప్పుడు ఇటు రానే రాదు. ఆమె చెయ్యాల్సిందల్లా వచ్చే మీటింగులో లేవకుండా ఉండడమే. ఆ తర్వాత ఎప్పుడు లేచినా రేకులు విప్పించేస్తానని నవ్వుతూనే అన్నాడు.

"మరి అక్కవాళ్ళ వైపు?" అని అడిగింది.

"అటు తర్వాత చూద్దాం. ఇటు తగ్గితే అటూ ఎంతో కొంత తగ్గుతుందిగా," అన్నాడాయన.

ఎలా తగ్గుతుందని ఆమె రెట్టించలేదు. అడిగితే నిజం చెబుతాడేమోనని భయం. అడిగానుగా అని మనసుకు చెప్పుకోవడానికి ఒక్కసారి అడిగింది, అంతే. పచ్చ మాత్రలు, పెద్ద సిస్టరు గొంతు గుర్తొచ్చాయి. "సరే, నాకిక ఇబ్బంది లేదు," అంది.

మీటింగు రోజున అక్క ఒక్కతే లేచింది. అటూ ఇటూ చూసింది. సమస్య కాస్తా గొడవైపోయింది, ఐదు నిమిషాల్లో చేతులు దులుపుకున్నారు. తర్వాత వచ్చి, రాలేదేమే అని అడిగితే, డ్యూటీ మారిందని నర్సు అబద్ధమాడింది. అక్క నమ్మింది. నమ్మకపోతే బాగుండేదని నర్సుకు అప్పుడే అనిపించింది.

గోడ లేచింది. నర్సు నిద్రపోయింది. ఆ నిద్రను ఏమని చెప్పాలి! పడుకోవడమే తెలుసు, లేవడమే తెలుసు, మధ్యలో ఏమీ లేదు. కళ్ళ కింద నలుపు తగ్గింది. వార్డులో చేతులు మళ్ళీ ఆమె మాట విన్నాయి. పెద్ద సిస్టరు కూడా, ఇప్పుడు మనిషిలా ఉన్నావంది. అక్క ఇంటికి వెళ్ళాలని రోజూ అనుకునేది, రోజూ ఏదో ఒక పని అడ్డం పెట్టుకునేది.

చివరికి ఒక సెలవు రోజు పొద్దున, ఇక మొహం చాటెయ్యడం బాగుండదని వెళ్ళింది. గుమ్మంలో అడుగు పెట్టగానే అర్థమైంది. రేకులకు కొట్టుకుని వెనక్కి తిరిగిన చప్పుడు తిన్నగా ఇటే వస్తోంది. ఒక్కో ఠక్కు వెనకాల ఇంకో ఠక్కు. తన ఇంట్లో అంత చప్పుడు ఏనాడూ లేదు. లోపలి గదిలో బావ దిండు తలకు చుట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే ఇటు తిరగలేదు. అక్క నాలుగు రోజులు జ్వరపడి లేచిన మనిషిలా ఉంది.

"మా సంగతి సరేలే. గోడ కట్టారుగా, నీకైనా తగ్గిందా?" అని అడిగింది అక్క.

తగ్గిందనడానికి నర్సుకు నోరు రాలేదు. "ఎక్కడక్కా, అలాగే ఉంది," అంది.

"అయ్యో, నీ ఉద్యోగం ఎలాగే మరి?" అంది అక్క. ఆ జాలి చూడలేక, పనుందని నర్సు లేచి వచ్చేసింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం పళ్ళ డాక్టరు వీధిలో ఎదురుపడ్డాడు. నవ్వుతూనే ఉన్నాడు గానీ, లోపల ఒళ్ళు మండుతున్నట్టుంది.

"మన సంగతి మీ అక్కగారికి చెప్పలేదా మీరు? పొద్దున కోర్టు మధ్యలోకి వచ్చి నిలబడింది, కదిలితే ఒట్టు. మా సంగతి తర్వాత, ముందు ఆ పిల్ల సంగతి చూడండి, ఆమెకి ఇంకా నిద్ర లేదంటుంది. ఆ నర్సమ్మే తనకేం ఇబ్బంది లేదని ఒప్పుకున్నాకే గోడ కట్టామమ్మా అన్నాను. అబద్ధమంది. కావాలంటే ఇప్పుడే ఆ పిల్లతోనే చెప్పిస్తానని, రేకుల దగ్గరికి పోయి మీ కిటికీ వైపు గొంతు చించుకుని పిలిచింది. రేకుల మీద చేత్తో బాదింది కూడా. మీరు ఇంట్లో లేరా?"

నర్సు ఇంట్లోనే ఉంది. నిద్రపోతోంది. ఏమీ వినపడలేదు.

"పలక్కపోయేసరికి ఆవిడే ఊరుకుంది. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది," అన్నాడు డాక్టరు. నర్సు అక్కడే నిలబడిపోయింది. ఆయన తన దారిన తాను పోయాడు.

మర్నాడు డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా తిన్నగా అక్క ఇంటికి వెళ్ళింది. అక్క వెనక వరండాలో స్కూలు చొక్కాకు కాలరు వేస్తోంది. తిడుతుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. కాళ్ళ మీద పడడానికైనా సిద్ధపడే వచ్చింది. అక్క స్టూలు ఇటు జరిపి, కూర్చోమంది. కాలరు చివరిదాకా కుట్టి దారం తెంపింది. బయట ఆట అప్పుడే మొదలైంది. లోపలి గదిలోంచి బావ మూలుగు వినపడింది.

"నిద్ర పడుతోందా?" అని అడిగింది అక్క, తలెత్తకుండానే.

"పడుతోందక్కా."

"వచ్చే మీటింగులో నాతో లేస్తావా?"

లేస్తే రేకులు విప్పేస్తారు. ఆ మాట డాక్టరు ఆనాడే నవ్వుతూ చెప్పి ఉంచాడు. నర్సు నోరు తెరిచింది. వార్డూ, ట్రేలూ, పెద్ద సిస్టరూ, పదేళ్ళ ఉద్యోగం, చెప్పుకోవడానికి అన్నీ ఉన్నాయి. ఆ పొద్దున తన మీద తనకు కలిగినంత అసహ్యం ఆమెకు ఇంకెవరి మీదా ఎన్నడూ కలగలేదు. అయినా లేస్తాననే మాట మాత్రం రాలేదు.

అక్క ఇంకో చొక్కా అందుకుంది. "వద్దులే. వెళ్ళి పడుకో, రాత్రంతా మేలుకుని వచ్చావు," అని మళ్ళీ మిషను తొక్కింది.

నర్సు ఇంటికొచ్చింది. బట్టలైనా మార్చుకోకుండా మంచం మీద పడి, కళ్ళు బలవంతాన తెరిచి ఉంచుకుని పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. ఈ ఒక్కరోజైనా నిద్ర పట్టకూడదని మనసారా కోరుకుంది. గది నిశ్శబ్దంగా ఉంది. కాసేపటికే నిద్ర పట్టేసింది.