ఎర్రదారం చుట్టిన తాడు

నేను ఒక తాడుని. నులకనో మోకునో కాను. నైలాను పోగులు పేని, పైన అల్లిక తొడుగు వేసి, కొండలెక్కే సిపాయిల కోసం చేశారు నన్ను. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఒక పెంకుటింటి వసారాలో, రెండు గుంజల మధ్య దండెంగా వేలాడుతూ తడిబట్టలు మోస్తున్నాను. దిగజారిపోయానని మీరు జాలిపడొచ్చు. చీరకి ప్రాణం ఉండదు, నాకిదే హాయి.

పటాలంలో నా ఒక కొస గొర్లె సన్యాసిరావు నడుముకి, రెండో కొస ముత్తు అనే తమిళ సిపాయి నడుముకి ఉండేది. మనుషులు పెళ్లిలో కొంగులు ముడేస్తారు. ఆ ముడి ఎంత గట్టిదో తెలియడానికి ఏళ్లు పడుతుంది. మా ముడి సంగతి తేలడానికి కాలు ఒక్కసారి జారితే చాలు.

ముత్తు జారాడు. నేను రాతి అంచు మీద బిగుసుకున్నాను. సన్యాసిరావు మంచులో మడమలు దిగేసి నన్ను పట్టుకున్నాడు. అతని అరచేతుల తోలు నాకు అంటుకుపోయింది. కింద నుంచి ముత్తు కాసేపు తన కూతురి గురించి మాట్లాడాడు. తర్వాత మాట్లాడలేదు. సాయం వచ్చి పైకి లాగేసరికి చలికి కొయ్యబారిపోయి ఉన్నాడు.

నేను తెగలేదు. అయినా అంత బరువు కాచిన తాడుని మళ్లీ కొండకి తీసుకెళ్లరు. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పోగులు నలిగిపోయి ఉంటాయి. రాయి కొరికిన చోట ఎర్రదారం చుట్టి పక్కన పెడతారు. దీనికి మనిషిని కట్టవద్దని గుర్తు. ఆ దారం చుట్టింది సన్యాసిరావే. పారెయ్యవలసిన నన్ను అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

అతని భార్య పైడితల్లి ఆ దారాన్ని చూసి, ఏదో గుళ్లో కట్టించుకొచ్చిన రక్ష అనుకుంది. శుక్రవారం శుక్రవారం పసుపు రాసేది. అతను కాదనలేదు. కాదంటే ముత్తు గురించి చెప్పాలి. గుండెలో ఉన్న చావుని గుమ్మం దాటనివ్వని మనిషి అతను.

కూతురు భూలక్ష్మి పుట్టినప్పుడు ఉయ్యాల వెయ్యడానికి పైడితల్లి నన్ను తీసింది.

"అది కాదు," అన్నాడు.

"మెత్తగా ఉంది, గట్టిగా ఉంది. పిల్లకన్నా తాడెక్కువేటి నీకు?"

"అది కాదన్నానా!"

అప్పటికప్పుడు బజారుకెళ్లి కొత్త మోకు తెచ్చాడు. ఆవిడ ఆ మాట ఏళ్ల తరబడి దెప్పింది.

పింఛనుతో ఇంటికొచ్చాక కూడా కాలు నిలిచేది కాదు. తల్లీకూతుళ్లని స్కూటరెక్కించుకుని కోణార్కు దాకా పోయాడు. దారిలో టార్పాలిను కట్టడానికి నేనూ, వండిపెట్టడానికి అతనూ. పైడితల్లికి వంట పని ఉండేది కాదు, సణుగుడు పని మాత్రం ఉండేది. కూతురికి జడ వేసేదీ అతనే. కొండ మీద నేర్చిన ముడులన్నీ ఆ జడలో వేసేవాడు. బడిలో ఎవరెంత లాగినా ఊడేది కాదు.

తుఫాను వచ్చిన ఏడు భూలక్ష్మి గెడ్డవాగు అవతల ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. పిల్లల్ని ఇళ్లకి చేర్చి వస్తూ కల్వర్టు మీద చిక్కుకుంది. రెండు వైపులా రోడ్డు కొట్టుకుపోయింది. మధ్యన సిమెంటు దిమ్మ మీద ఒక్కతే నిలబడింది.

సన్యాసిరావు ఇంటికి పరుగెత్తాడు. పశువుల తాళ్లన్నీ పొట్టివి. ఆరేసిన బట్టలతో సహా నన్ను లాగాడు. ఎర్రదారం చోట బొటనవేలితో నొక్కి చూశాడు. ఒక్క క్షణమే.

ఒక కొస ఒడ్డున తాటిచెట్టుకి కట్టించి, రెండోది తన నడుముకి కట్టుకుని దిగాడు. దిమ్మ మీదికి చేరాక ఆ కొస విప్పి కూతురి చంకల కింద చుట్టాడు. చిన్నప్పుడు జడ కొస చూసినట్టు ముడి లాగి చూశాడు.

"నువ్వూ కట్టుకో మావా! ఇద్దరూ రండి!" ఒడ్డు నుంచి పైడితల్లి గొంతు చించుకుంది.

"కట్టుకో మిలట్రీ బావా! మేం లాగుతాం!" మగవాళ్లూ అరిచారు.

అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. భూలక్ష్మి అతని చొక్కా వదల్లేదు.

"నువ్వు రాకపోతే నాను రాను నాన్నా."

"ఎల్లమ్మా. తాడు మళ్లీ ఇసురుతారు. ఎనకే వొచ్చేస్తాను."

నీళ్లలోకి తోశాడు. దారం కింద నా పోగులు ఒక్కొక్కటే తెగాయి. ఒక్క మనిషికి ఆగాను. ఇద్దరైతే ఆగేదాన్ని కాను. భూలక్ష్మి చేతికి ఒడ్డు తగిలేసరికి వెనక కల్వర్టు కూలింది. అయినా నన్ను విసిరారు. అందుకునే చెయ్యి లేదు.

మర్నాడు ఉప్పుటేరు దగ్గర దొరికాడు.

"ఈతొచ్చని పొగరు. కట్టుకుంటే బతికీవోడు," అంది ఊరు. పైడితల్లికి ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. "నా మాట ఏనాడిన్నాడు? ఇంత మందిమి అరిస్తే ఇన్నాడా?" అని ఫొటోకి దండ కూడా వెయ్యలేదు.

పెద్దకర్మకి అతనితో పటాలంలో పనిచేసిన ఇస్మాయిల్ కర్నూలు నుంచి వచ్చాడు. భోజనమయ్యాక తువ్వాలు కోసం దండెం మీద చెయ్యేసి ఆగిపోయాడు. గోటితో పసుపు గీరాడు.

"వదినా, పాపని దీంతోనా లాగినారు?"

"రక్ష కట్టిన తాడన్నా. అదే కాపాడింది నా పిల్లని."

"రక్ష కాదు వదినా. మనిషిని కట్టొద్దని గుర్తు. వాడు కట్టేటప్పుడు నేను పక్కనే ఉంటి. ఒక మనిషికే అనుమానం. ఇద్దరికి తెగిపోతాదని వానికి తెలుసు."

ముత్తు సంగతంతా ఆ వసారాలోనే చెప్పాడు. పైడితల్లి గుంజకి జారబడింది. అన్నాళ్లూ ఆవిడని నిలబెట్టింది కోపమే. అది కాస్తా పోయింది.

"ఒక్క మాట సెప్పుంటే..." అంది.

"సెప్పుంటే ఆ రోజు దిగనిచ్చీదానివా అమ్మా?" అంది భూలక్ష్మి.

అప్పుడు ఏడ్చింది పైడితల్లి.

తర్వాత భూలక్ష్మికి పెళ్లయింది. పురిటికి పుట్టింటికొచ్చింది. బాలసారె నాడు ఉయ్యాలకని భూలక్ష్మి మేనత్త నన్ను గుంజ మీంచి విప్పబోయింది.

"తాత తాడు. పిల్లడికి కలిసొస్తాది."

"అది కాదు," అంది పైడితల్లి. అచ్చం అతనన్నట్టే అంది.

ఇప్పుడు నా మీద పొత్తిగుడ్డలు ఆరుతున్నాయి. పాత దారం వెలిసిపోతే ఆవిడే కొత్త ఎర్రదారం చుట్టింది. పసుపు మాత్రం రాయడం లేదు.